'అందరికీ స్వాగతం' అని రాసే ముందు: సొంత థెరపీ ప్రాక్టీసు పెట్టాలనుకుంటున్నవారికి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక సంస్థలో నాలుగేళ్లుగా కౌన్సెలర్‌గా చేస్తున్నారు, బయటికొచ్చి సొంత ప్రాక్టీసు పెట్టుకుందామనుకుంటున్నారు. ఎల్‌జీబీటీ వాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, కుదురుగా ఉండలేక ఇబ్బందిపడే స్థితి) ఉన్నవాళ్లు, చేతిలో పెద్దగా డబ్బు ఆడనివాళ్లు, ఎవరొచ్చినా బెరుకు లేకుండా కూర్చోగలిగే చోటుగా దాన్ని ఉంచాలని మీ కోరిక. అందుకు ముందు ఏ సర్టిఫికెట్ చేయాలి, గది ఎలా ఉండాలి, ఫీజు ఎంతవరకు తగ్గించొచ్చు, ఎల్‌జీబీటీ వాళ్లకు గుర్తయిన ఇంద్రధనుస్సు జెండా పెడితే మిగతా క్లయింట్లు వెళ్లిపోతారా అని అడిగారు.

సూటిగా చెప్తాను. సర్టిఫికెట్‌తో మొదలుపెట్టకండి, జెండాతో అసలే వద్దు. ఉద్యోగం ఉంచుకుని వారానికి రెండు సాయంత్రాలతో మొదలుపెట్టండి. మొదటి క్లయింట్ రాకముందే మీ కేసులు విని మీ తప్పు మొహం మీద చెప్పగలిగే సూపర్‌వైజర్ (అనుభవమున్న మరో థెరపిస్ట్), మీకు చేతకాని కేసుల్ని పంపడానికి నమ్మకమైనవాళ్ల జాబితా, ఎవరినీ గుమ్మంలోనే ఆపేయని ఫారం, కాగితం మీద లెక్క కట్టిన ఫీజు సిద్ధంగా ఉండాలి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, వృత్తి బీమా సంగతి మీరుండే చోటి నిబంధనల ప్రకారం ముందే తేల్చుకుంటారు కదా, అందులోకి వెళ్లను.

నేను ఈ పనిలోకి వచ్చి పదిహేడేళ్లు, అందులో పదకొండేళ్లు సొంతంగా. కింద చెప్పే మనుషుల వివరాలు గుర్తుపట్టలేనంతగా మార్చాను. నా తప్పుల్ని మాత్రం మార్చలేదు.

సర్టిఫికెట్ ఎందుకు వద్దంటున్నాను

ప్రాక్టీసు పెట్టిన రెండో నెలలోనే వెబ్‌సైట్‌లో 'ట్రాన్స్ వ్యక్తులకు అనుకూలం' అని రాసేశాను. రెండు రోజుల వర్క్‌షాప్ ఒకటి చేసొచ్చిన ధైర్యం అది. ఆ మాట చూసే ఒకరు వచ్చారు. మూడు సెషన్లు పేరు మార్పు గురించి, హార్మోన్ల గురించి, ఇంట్లో ఎలా చెప్పారన్న దాని గురించి నేను అడుగుతూనే ఉన్నాను, తను చెబుతూనే ఉన్నారు. నాలుగోసారి కూర్చోగానే అన్నారు: "నేను నిద్ర పట్టక వచ్చానండీ. మా అమ్మమ్మ పోయి ఐదు నెలలైంది. దాని గురించి మీరు ఇంతవరకు ఒక్క మాట అడగలేదు. ఫీజు ఇచ్చి మరీ మీకు పాఠాలు చెబుతున్నాను."

ఆ మాటలో నా తప్పులు రెండున్నాయి. నేను బయట నేర్చుకుని రావాల్సింది క్లయింట్ గంటలో నేర్చుకున్నాను, అదొకటి. రెండోది ఇంకా పెద్దది. మనిషి దుఃఖంతో వస్తే, నేను ఆ మనిషి గుర్తింపునే సమస్యగా తీసుకున్నాను. వర్క్‌షాప్ నాకు పదాలు నేర్పింది. ఎప్పుడు వాటిని పక్కన పెట్టి మామూలు థెరపిస్ట్‌లా కూర్చోవాలో నేర్పలేదు.

1998లో టెర్వలాన్, ముర్రే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు రాసిన వ్యాసం ఒకటుంది. ఇతర సంస్కృతుల మనుషులతో పనిచేసే 'సామర్థ్యం' ఒక కోర్సులో సంపాదించేసి చేతులు దులుపుకునేది కాదు, పనిచేసినన్నాళ్లూ తనను తాను తరచి చూసుకుంటూ ఉండాల్సిన వినయం అని వాళ్ల వాదన. చదివినప్పుడు బాగుందనుకుని పక్కన పెట్టాను, ఆ నాలుగో సెషన్ తర్వాత మళ్లీ తీసి చదివాను.

కోర్సులు చేయొద్దని కాదు. చేయండి, కానీ అది ముగింపు అనుకోవద్దు. నాకు ఎక్కువ పనికొచ్చింది మరొకటి: ఆయా సమూహాల్లోంచి వచ్చిన థెరపిస్టులకు, కార్యకర్తలకు వాళ్ల గంటకు డబ్బు కట్టి, నా ఫారాలు, నా వెబ్‌సైట్, నేను మాట్లాడే తీరు చూసి తప్పులు పట్టమని అడగడం. ఊరికే అడగకండి. వాళ్లను ఊరికే అడిగేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఫారం

దీని మీద మీరు అనుకున్నదానికి రెట్టింపు సమయం పెట్టండి. క్లయింట్ మీ గొంతు వినకముందే మీ ఫారం చదువుతారు. నా మొదటి ఫారంలో పేరు, వయసు, స్త్రీ/పురుషుడు, పెళ్లయిందా లేదా, భర్త లేదా తండ్రి పేరు అనే గడులు ఉండేవి. ఎవరి దగ్గరో చూసి దించేసింది. తండ్రి పేరుతో నాకేం పని? ఏళ్ల తరబడి తండ్రి చేతిలో దెబ్బలు తిన్న మనిషిచేత కలం పట్టించి మొదట ఆ పేరే రాయించాను.

ఇప్పుడు నా ఫారం ఒక పేజీ. "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?" అన్నది మొదటి ప్రశ్న. రసీదు మీద వేరే పేరు ఉండాలంటే అది కింద వేరే గడి. జెండర్ దగ్గర పెట్టెలు తీసేసి ఖాళీ గీత పెట్టాను, రాయడం ఇష్టం లేకపోతే వదిలేయొచ్చని పక్కనే రాశాను. పెళ్లి గడి స్థానంలో "మీతో పాటు ఇంట్లో ఎవరెవరు ఉంటారు?", "కష్టమొస్తే ముందుగా ఎవరికి చెప్పుకుంటారు?" అని ఉంటుంది. రెండో ప్రశ్నకు 'ఎవరికీ లేదు' అని రాసినవాళ్లే ఎక్కువమంది కావడం నాకు మొదట్లో షాక్.

తెలుగులో పనిచేసేవాళ్లకు మన భాష ఒక పక్క ఇబ్బంది పెడుతుంది, ఒక పక్క సాయం చేస్తుంది. వచ్చాడు, వచ్చింది అన్న క్షణంలో ఎదుటి మనిషి ఎవరో మనమే తేల్చేసినట్టు. కానీ 'వచ్చారు' అంటే ఏ గొడవా లేదు, 'తను' అంటే ఎవరికైనా సరిపోతుంది. క్లయింట్ తన ప్రేమ గురించి చెబుతుంటే "తను ఏమన్నారు?" అని అడగండి. అవతలివాళ్లు అబ్బాయో అమ్మాయో చెప్పాలనిపించినప్పుడు చెబుతారు. ఇంగ్లిష్‌లో కష్టపడి సాధించుకుంటున్న సౌకర్యం మనకు మర్యాద రూపంలో ఎప్పటినుంచో ఉంది.

'భాగస్వామి' అన్న మాటతో మాత్రం జాగ్రత్త. ఎంతో ఆలోచించి, భర్త, భార్య అనకుండా ఒక పెద్దాయన్ని "మీ భాగస్వామితో ఎలా ఉంటున్నారు?" అని అడిగితే, "నాకు వ్యాపారాలేమీ లేవండీ" అన్నారు. వాళ్లు ఏ మాట వాడితే అదే తిరిగి వాడటం అన్నిటికంటే మేలు. వైకల్యం విషయంలోనూ అంతే. పొగిడినట్టుండే కొత్త పదాలంటే చిరాకుపడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. "మీ చూపు గురించి మాట్లాడేటప్పుడు ఏ మాట వాడమంటారు?" అని ఒకసారి అడిగితే చాలు.

ఫారంలో తప్పకుండా ఉంచాల్సింది ఇంకొకటి: "మీకు ఏ సమయంలో ఫోన్ చేస్తే ఇబ్బంది ఉండదు? వేరేవాళ్లు ఎత్తితే నేనెవరినని చెప్పాలి?" ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లకు, కొట్టే మనిషితో ఒకే కప్పు కింద ఉండేవాళ్లకు, ఒక్క మెసేజ్ తెర మీద మెరిస్తే చాలు, గొడవే. నా అపాయింట్‌మెంట్ మెసేజ్‌లలో థెరపీ, కౌన్సెలింగ్ అన్న మాటలు ఉండవు. "గురువారం 5 గంటలకు" అంతే.

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ ఒక్కటే దారిగా పెట్టకండి. వినబడనివాళ్లు ఫోన్ చేయలేరు. ఫోన్ మోగితేనే గుండె దడ వచ్చేవాళ్లు చేయరు, మనకు రావాల్సినవాళ్లలో వాళ్లు బోలెడుమంది. మెసేజ్, ఈమెయిల్, ఏదైనా ఒకటి పక్కన ఉంచండి. వెబ్‌సైట్‌లో లేత బూడిద రంగు అక్షరాలు చూడ్డానికి ప్రశాంతంగా ఉంటాయని అందరూ పెడతారు, చూపు తగ్గినవాళ్లు చదవలేరు. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య వ్యత్యాసం (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని, వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండటానికి రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. కొలిచి చెప్పే ఉచిత టూల్స్ ఉన్నాయి.

గది

నా మొదటి గది పై అంతస్తులో, లిఫ్ట్ లేదు. రెండోది కింది అంతస్తు కదా, సమస్య తీరిందనుకున్నాను. గుమ్మం ముందు రెండు మెట్లున్నాయి, ఒక్కొక్కటి ఏడు అంగుళాలు. ర్యాంపు వాలు 1:12 మించకూడదన్నది చాలా చోట్ల పాటించే లెక్క, అంటే అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. పద్నాలుగు అంగుళాలకు పద్నాలుగు అడుగుల ర్యాంపు కావాలి. గుమ్మానికీ గేటుకూ మధ్య ఉన్నది ఆరడుగులు. చెక్క పలక వేసేద్దామని ఒక వడ్రంగి అన్నాడు, అంత నిటారు వాలు మీద వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది.

ఇల్లు మారే స్తోమత అప్పుడు లేదు. రెండు పనులు చేశాను. ఒకటి, వెబ్‌సైట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను: గుమ్మం ముందు రెండు మెట్లు, తలుపు తీస్తే ఇంత ఖాళీ, టాయిలెట్‌లోకి వీల్‌చైర్ పట్టదు. రెండు, నేల మట్టంగా ఉన్న ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో వారానికి ఒక పూట గది అద్దెకు తీసుకున్నాను. వీల్‌చైర్ వాడే ఒకరు ఆ కొలతలు చూసి మెసేజ్ పెట్టారు. మిగతా చోట్ల 'సౌకర్యం ఉంది' అని రాసుంటుందట, అంత దూరం వెళ్లాక గుమ్మం దగ్గర నలుగురు మోసుకెళ్తామని పోటీపడతారట. "మీరు కుదరదని ముందే చెప్పారు, చాలు. ఆ క్లినిక్‌లో ఎప్పుడుంటారు?" అని అడిగారు.

కాబట్టి గది చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లండి. తలుపు తీసినప్పుడు 32 అంగుళాల ఖాళీ, లోపల వీల్‌చైర్ తిరగడానికి ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఖాళీ ఉండాలి. టాయిలెట్ కూడా కొలవండి, అది అందరూ మర్చిపోతారు. లేనిదాన్ని ఉందని రాయకండి.

చప్పుడు సంగతి. లోపల రేడియో మామూలు గొంతుతో పెట్టి, తలుపు వేసి, బయట కుర్చీలో కూర్చుని వినండి. మాట అర్థమైతే ఆ గది మనకు పనికిరాదు, లేదా బయట ఏకధాటిగా సన్నటి చప్పుడు చేసే మెషిన్ ఒకటి పెట్టాలి. ఒక సెషన్‌కూ ఇంకోదానికీ మధ్య పావుగంట వదలండి, లోపలి నుంచి వచ్చేవాళ్లూ బయట కూర్చున్నవాళ్లూ ఎదురుపడకుండా. తన గురించి ఎవరికీ చెప్పుకోని మనిషికి ఆ పావుగంట చాలా విలువైంది. ఒక కుర్చీ చేతులున్నది, ఒకటి చేతుల్లేనిది ఉంచండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చేతులు పట్టుకుని లేవాలి, లావుగా ఉన్నవాళ్లకు ఆ చేతులే ఒరుసుకుంటాయి.

ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లతో

నా పాత నోట్సులో ఒకరి గురించి 'కళ్లలోకి చూడరు, ప్రతిఘటన ఉంది' అని రాసుకున్నాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. తను నా కళ్లలోకి చూస్తే నా మాట వినలేరు, వినాలంటే నేల వైపు చూడాలి. ఆ సంగతి చెప్పడానికి తనకు ఐదు నెలలు పట్టింది. పైన మిణుకుమనే ట్యూబ్‌లైట్, గోడ గడియారం టిక్కుటిక్కు, నా సెంటు, ఈ మూడూ కలిసి గంటసేపు తన బుర్ర తినేస్తున్నాయని అప్పుడే తెలిసింది. మూడూ తీసేశాను, ఖర్చేమీ కాలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లందరికీ, ఎవరికి ఏముందో అడగకుండానే, ముందు రోజు ఒక మెసేజ్ వెళ్తుంది: గుమ్మం ఫోటో, గది ఫోటో, మొదటి సెషన్‌లో నేను ఏమేం అడుగుతానో, ఎంతసేపు, మధ్యలో లేచి తిరగొచ్చు, చేతిలో ఏదైనా పట్టుకుని ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ అయితే కెమెరా ఆపేసుకోవచ్చు అని. ఆటిజం కోసమే మొదలుపెట్టినా, కంగారుపడుతూ వచ్చే ప్రతి ఒక్కరికీ పనికొచ్చింది. ఇంకొకటి, "ఎలా అనిపిస్తోంది?" అన్న ప్రశ్నకు కొందరి దగ్గర నిజంగానే జవాబు ఉండదు. దాచడం కాదది. "అప్పుడు ఒంట్లో ఎక్కడ తేడా తెలిసింది?", "ఆ తర్వాత ఏం చేశారు?" అని అడిగితే దారి దొరుకుతుంది.

వినబడని క్లయింట్ వచ్చినప్పుడు

ఒకామె చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది, సైన్ లాంగ్వేజ్‌లో చెప్పేది చెల్లెలు నాకు మాటల్లో చెబుతుంది. రెండు సెషన్లు అలాగే నడిపించేశాను. మూడోదానికి ఆమె కాగితం మీద రాసిచ్చింది: 'సమస్య మా ఇంట్లోవాళ్లతోనే.' ఆ కాగితం చెల్లెలికి కనబడకుండా ఇచ్చింది.

ఇంట్లోవాళ్లను ఇంటర్‌ప్రెటర్‌గా పెట్టకండి. వృత్తిగా చేసేవాళ్లను పిలవండి, ఆ ఖర్చును క్లయింట్ ఫీజు మీద వేయకుండా అద్దె, కరెంటు లాంటి ప్రాక్టీసు ఖర్చుల్లో కలపండి. ఫలానావాళ్లు వస్తున్నారు, పరవాలేదా అని క్లయింట్‌ని ముందే అడగండి. వినబడనివాళ్ల లోకం చిన్నది, ఆ ఇంటర్‌ప్రెటర్ తన స్నేహితుల పెళ్లిలో కనబడే మనిషి కావచ్చు. ఇంటర్‌ప్రెటర్‌ని మీ పక్కన, కాస్త వెనక్కి కూర్చోబెట్టండి, క్లయింట్‌కి ఇద్దరూ ఒకే చూపులో కనబడతారు. మీరు చూడాల్సింది క్లయింట్ వైపు, మాట్లాడాల్సింది కూడా క్లయింట్‌తోనే. "ఆమెను ఇలా అడగండి" అన్నారంటే ఆమె గదిలో లేనట్టే. సెషన్ సమయం కూడా పెంచాలి.

ఫీజు

నేను 'ఇవ్వగలిగినంత ఇవ్వండి' అని మొదలుపెట్టాను. ఏడాదిలో చేతులు కాలాయి. ఉన్నవాళ్లలో కొందరు తక్కువ ఇచ్చారు, లేనివాళ్లలో కొందరు పరువుకు పోయి మొత్తం ఇచ్చారు. ఒకావిడ ఏడు నెలలు పూర్తి ఫీజు కట్టాక, అదంతా వాళ్లక్క దగ్గర అప్పు అని తెలిసింది. ఎంత ఇవ్వాలో తేల్చుకునే బరువు వాళ్ల నెత్తిన పెట్టడం దయ కాదని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు పూర్తి ఫీజు, సగం ఫీజు అని రెండు రేట్లు. రెండూ వెబ్‌సైట్‌లో ఉంటాయి. వారానికి నేను చూసేది ఇరవై సెషన్లు, అందులో నాలుగు సగం ఫీజువి. రుజువులు అడగను. ఆరు నెలలకోసారి పరిస్థితి మారిందా అని మాట్లాడుకుంటాం. నాలుగూ నిండితే నిండాయని చెప్పి, ఎప్పటికి ఖాళీ కావచ్చో, ఈలోగా ఎక్కడ ప్రయత్నించొచ్చో చెబుతాను.

లెక్క చూడండి. పదహారు పూర్తివి, నాలుగు సగానివి అంటే మొత్తం పద్దెనిమిది పూర్తి ఫీజులు. ఇరవై సెషన్లూ పూర్తి ఫీజైతే వచ్చే ఆదాయమే కావాలంటే పూర్తి ఫీజు దాదాపు 11 శాతం పెరగాలి. ఆ 11 శాతం మీ ఊళ్లో పలుకుతుందా? పలకకపోతే నాలుగు కాదు, రెండే పెట్టండి. జాలితో పది పెట్టి ఏడాదిన్నరకు మూసేస్తే ఆ పదిమందీ మళ్లీ రోడ్డు మీదే. సెలవులు, జబ్బు చేసే రోజులు, చివరి నిమిషంలో రానివాళ్లు, ఇవన్నీ పోగా ఏడాదికి 52 వారాలు కాదు, 44 వారాలకే లెక్క కట్టుకోండి.

మొదట్లో నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని: సగం ఫీజువాళ్లకు ఎవరూ కోరని మధ్యాహ్నం వేళలు ఇచ్చాను. తక్కువ జీతానికి పనిచేసేవాళ్లు పట్టపగలు పని మానేసి ఎలా వస్తారు? ఆ రోజు కూలి కూడా పోతుంది. ఇప్పుడు నాలుగింట్లో రెండు సాయంత్రాలే.

రద్దు నియమం కూడా ఆలోచించి రాసుకోండి. 24 గంటల ముందు చెప్పకపోతే పూర్తి ఫీజు అన్నది మామూలు నియమం. ఎప్పుడు నొప్పి లేస్తుందో తెలియని జబ్బులున్నవాళ్లకు అది జరిమానాయే. అదే గంటలో ఫోన్‌లో మాట్లాడొచ్చు అని ఒక వాక్యం కలిపాను, గొడవ దాదాపు తగ్గిపోయింది.

ఒంటరిగా పనిచేయడంలో ఉన్న ప్రమాదం

సంస్థలో పక్క గదిలో ఎవరో ఒకరు ఉంటారు. సొంత ప్రాక్టీసులో ఉండరు. డిప్రెషన్ కొలవడానికి పీహెచ్‌క్యూ-9 మీరూ వాడే ఉంటారు: తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. తొమ్మిదో ప్రశ్న చావు గురించిన, తనకు తాను హాని చేసుకోవడం గురించిన ఆలోచనలది. నేను దాన్ని ఆన్‌లైన్ ఫారంగా ముందే పంపడం పద్ధతిగా పెట్టుకున్నాను. ఒకరు శనివారం రాత్రి నింపారు, తొమ్మిదో ప్రశ్నకు 3. నేను తెరిచింది సోమవారం ఉదయం. ఆ మనిషి క్షేమంగానే ఉన్నారు, కానీ అందులో నా గొప్పేమీ లేదు. అప్పటినుంచి ఆ ప్రశ్నపత్రం నా ఎదురుగానో, ఫోన్‌లో నేనుండగానో తప్ప నింపించను. ఆన్‌లైన్ సెషన్ మొదట్లో "ఇప్పుడు ఎక్కడున్నారు, దగ్గర్లో ఎవరున్నారు?" అని ప్రతిసారీ అడుగుతాను.

అలాగే, రేపు మీరే ఆస్పత్రిలో పడితే? మీ క్లయింట్లకు ఎవరు చెబుతారు? జాబితా ఎక్కడుందో, దాన్ని ఎలా తెరవాలో తెలిసిన తోటి థెరపిస్ట్ ఒకరితో రాతపూర్వకంగా ఒప్పందం పెట్టుకోండి.

నోట్సు తక్కువ రాయండి. ఎంతకాలం దాచాలో మీ చోటి చట్టం చెబుతుంది, ఏం రాయాలన్నది చాలావరకు మీ చేతిలో ఉంది. ఒకరు గే అన్న సంగతి తన నిద్రలేమి వైద్యానికి అక్కర్లేకపోతే నా నోట్సులో ఉండదు. రికార్డులు కోర్టుకో, బీమా కంపెనీకో, ఇంట్లోవాళ్లకో చేరే రోజు రావచ్చు, రాసే ముందు అది గుర్తుండాలి.

'మార్చమని' వచ్చేవాళ్లు

కొడుకునో కూతుర్నో తీసుకొచ్చి మామూలుగా చేయమని అడిగే తల్లిదండ్రులు తప్పకుండా వస్తారు. దీనికి జవాబు ముందే నోటికి వచ్చేలా ఉంచుకోండి. నాది ఇదీ: "మార్చనండీ, అది మార్చేది కూడా కాదు." అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి 1973లో తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సంస్థ కొత్త జబ్బుల జాబితా ఐసీడీ-11లో ట్రాన్స్ వ్యక్తులకు సంబంధించిన విభాగం కూడా మానసిక రుగ్మతల అధ్యాయంలో లేదు. 2016లో వరల్డ్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఇలాంటి 'చికిత్స'లకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రకటించింది. ఈ సంవత్సరాలు నేను వాళ్లకు చెబుతాను, వాదనకు కాదు. డాక్టరు మాటగా వింటే కొందరు కాస్త నెమ్మదిస్తారు.

అక్కడితో ఆపి పంపించేయకండి. ఆ తల్లిదండ్రులు భయంతో వచ్చారు. వాళ్ల కోసం వేరే థెరపిస్ట్ పేరు ఇవ్వండి. మీరే ఇద్దర్నీ చూడాలనుకోవద్దు, పిల్లలు మిమ్మల్ని నమ్మరు.

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. ప్రేమించిన అమ్మాయితో వెళ్లిపోయిందని కూతురితో రెండేళ్లుగా మాట్లాడని ఒకాయన నా దగ్గరికి వచ్చాడు, నిద్ర లేదు, ఊరికే కోపం వస్తోంది అని. నాకు ఆయనంటే చిరాకు. ఎవరొచ్చినా సరే అన్న గది తలుపు ఆయనకూ తెరిచి ఉండాలి కదా. 1979లో బోర్డిన్ అనే మనస్తత్వవేత్త థెరపీ సంబంధాన్ని మూడుగా విడదీశాడు: ఎక్కడికి వెళ్లాలన్న దాని మీద ఒప్పందం, అందుకు ఏం చేయాలన్న దాని మీద ఒప్పందం, ఇద్దరి మధ్య బంధం. నేను మొదటిదాంట్లోనే దొంగాట ఆడుతున్నానని సూపర్‌వైజర్ పట్టుకున్నారు. ఆయన కోరింది నిద్ర, నేను లాగుతున్నది కూతురి వైపు. లాగడం మానేశాక ఆయనకు నిద్ర కాస్త కుదిరింది. కూతురి పుట్టినరోజుకు మెసేజ్ పెట్టానని ఒకరోజు తనే చెప్పాడు. జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదనుకుంటాను.

జెండా, క్లయింట్లు, ఉద్యోగం

జెండా గుర్తును నేను సొంత ప్రాక్టీసు మొదలుపెట్టిన ఆరో ఏట పెట్టాను. అరచేయంత స్టిక్కరు, అది కూడా బయటి తలుపు మీద కాదు, లోపల పుస్తకాల అర మీద. బయట పెడితే ఆ తలుపులోంచి వచ్చేవాళ్లందర్నీ వీధికి చూపించినట్టే. దాని గురించి ఇంతవరకు ఇద్దరు అడిగారు, అందులో ఒకరు మళ్లీ రాలేదు. మిగతావాళ్లు గమనించారో లేదో కూడా తెలియదు. వెబ్‌సైట్‌లో 'ఫ్రెండ్లీ' అన్న మాట తీసేసి చేసిన పనులు రాయండి: ఎవరితో ఎన్నేళ్లు పనిచేశారు, ఏం చేయరు, మెట్లు ఎన్ని, ఇంటర్‌ప్రెటర్ ఉంటారా, సగం ఫీజు ఖాళీలు ఎన్ని. చేయనివి కూడా రాయండి. నా సైట్‌లో తిండి రుగ్మతలు నేను చూడనని ఉంటుంది. ఒకసారి చూడబోయి, బరువు ప్రమాదకరంగా పడిపోయేదాకా గుర్తించలేకపోయాను. అలాంటి కేసులకు డాక్టరు, పోషకాహార నిపుణులు కలిసి పనిచేసే చోటే సరైంది.

ఉద్యోగం ఎప్పుడు వదలాలంటే, ప్రాక్టీసు ఖర్చులు వరసగా ఆరు నెలలు ప్రాక్టీసు ఆదాయంలోంచే వెళ్లాక. దానికంటే ముందు వదిలితే డబ్బు కోసం చేతకాని కేసులు కూడా ఒప్పుకుంటారు, నేను ఒప్పుకున్నాను.

ఫారం రాసుకున్నాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. తండ్రి పేరు గడి ఉంటే మాత్రం ముందే కొట్టేసి పెట్టండి.